బొట్టు పెట్టిన వైరు

ఆరోజు ఇంట్లో నాయన, జేజి, అన్న వీరేష్, అమ్మ ఉన్నారు. నేను పంచలో ఉన్నాను కాబట్టి నన్ను లెక్కలో వేయాలో లేదో తెలియదు. బయట చేరి రెండో రోజు. చాప, చెంబు, ఒక కంచం నావి. గడప లోపలున్నవన్నీ వాళ్లవి.

దసరా అయిన మరునాడు. నెట్టు పోయింది. కర్నూలు డిగ్రీ కాలేజీకి చివరి విడత ఆప్షన్లు పెట్టడానికి ఆ సాయంత్రమే గడువు. ఆలూరులో నెట్ సెంటర్లు పండగకు మూసేశారు. మా వీధిలో ఫోన్లో మాట వినపడడమే గొప్ప. కిటికీలోంచి చూస్తే నడింట్లో దేవుని గూటి పక్కన నెట్టు డబ్బా మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది. నా పొత్తికడుపులో నొప్పి కూడా దాంతోపాటే కొట్టుకుంటున్నట్టుంది.

అన్న డబ్బాను ఆపాడు, వేశాడు, అరచేత్తో తట్టాడు. కంపెనీకి ఫోన్ చేస్తే పండగ సెలవులైనాక మనిషిని పంపుతామన్నారట.

ఎందుకు పోయిందో నాకు తెలుసనిపించింది. ఆయుధపూజకు అన్న వైర్లన్నీ ఊడబీకి డబ్బాను, లాప్‌టాప్‌ను, కొడవళ్ల పక్కన పేర్చాడు. జేజి అన్నిటికీ తడి కుంకుమ పెట్టింది. ఏదైనా వదిలితే పాపమన్నట్టు వైర్ల కొసలకు కూడా పెట్టింది. ఆ సన్న వైరులో నెట్టు వెలుతురుగా వస్తుందని, కొసన దుమ్ము పడినా ఆగిపోతుందని పోయినసారి బాగుచేసిన మనిషి చెప్పాడు. టార్చి పట్టుకున్నది నేను. ఆయన చెప్పింది అన్నకు.

"అన్నా, ఆ సన్న వైరు కొస తుడిచి చూడు" అన్నాను. నా గొంతు కిటికీ దాటిందో లేదో అనుకున్నాను. దాటింది.

"పంచలో కూచోనే ఇంజనీరు అయిపోయినావే!" అని నవ్వి, అన్న బండి తీసుకొని పోయాడు.

"దేవుడే వద్దంటాండాడేమోలే" అంది జేజి. "ఆడపిల్లకు కర్నూలు ఏంటికి? ఈడ కాలేజీ లేదా?"

నాయన తువ్వాలు దులిపాడు. "నేనేం వద్దన్ల్యా గదమ్మా. నెట్టే రాల్యా." వద్దనకుండానే వద్దనే దారి దొరికినందుకు ఆయన ముఖం తేలికపడింది. తన బండి వేసుకొని చేనికి పోయాడు.

అమ్మ అన్నం తెచ్చి ఎత్తునుంచి నా కంచంలో వేసింది. నేను బయట చేరితే నా పనీ అమ్మదే. అమ్మ చేరితే అమ్మ పనీ నాదే. ఈ ఇంట్లో పొయ్యి మా ఇద్దరి మధ్యే చేతులు మారుతుంది, మూడో చెయ్యి తెలియదు దానికి. పదో తరగతి లెక్కల పరీక్ష రోజు అమ్మను వాళ్లింట్లో ఇలాగే పంచలో కూర్చోబెట్టారట. ఒకసారి గిన్నెలు తోముతూ చెప్పింది. చెప్పి, తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

జేజి పంచ ఆ చివర మంచం మీద కునుకు తీసింది. లేచాను. కూర్చున్నాను. మళ్లీ లేచాను. చెంబు మీద మూత సర్దాను, అది సరిగ్గానే ఉంది. అక్కడినుంచి కాళ్లు వాటంతట అవే గడప దాటాయి.

దేవుని గూట్లోంచి కొత్త వత్తి ఒకటి తీసి వైరు కొస తుడిచాను. వత్తి ఎర్రబడింది. ఇంకొకటి తీశాను. డబ్బా రంధ్రంలోనూ తిప్పి, వైరు తగిలించాను. ఎర్ర లైటు ఆగింది. పచ్చది వెలిగింది.

లాప్‌టాప్ తెరిచేసరికి గుమ్మంలో అమ్మ, చేతులకు పిండి. ఆమె నన్ను చూసింది, గూటిని చూసింది, ఎర్రబడిన వత్తులను చూసింది. వీధి చివర నాయన బండి చప్పుడు.

"అది యాడికి పోయిందే శశికళా?" జేజి లేచి అమ్మను కేకేసింది. "చాప మీద లేదే!"

అమ్మ నా జుట్టు పట్టి ఈడుస్తుందనుకున్నాను.

"దొడ్లోకి పోయిండాదత్తా" అంది అమ్మ గట్టిగా. నాతో మాత్రం, పెదవులు కదిలీ కదలకుండా, "బిరీన కానీ" అంది.

పిండి చేతులతోనే తలుపు నా మీద మూసి, బయట గడియ పెట్టింది.