కొలత రోజు పాలు

రఫీలా లెక్క తప్పే మనిషి కాదు. మారమురేష్ కొండల్లో సంతకు గొర్రెను తోలుకొచ్చినవాడి మొహం చూస్తే చాలు, ఎంతకు దిగుతాడో చెప్పేసేది. ఈసారి మాత్రం గొర్రెలతోనే బేరం పెట్టుకుంది.

పోయిన చలికాలం తోడేళ్ళు ఆమె మందలో సగానికి పైగా తినేశాయి. మొగుడు నడుం విరిగి మంచంలో ఉన్నాడు. మిగిలిన కాసిని గొర్రెల చీజే మొక్కజొన్న సంకటిలోకి ఆదరువై, మళ్ళీ వసంతం దాకా ఇంటిని నిలబెట్టాలి. ఊరి గొర్రెలన్నీ వేసవంతా కొండమీద ఒకే మందగా మేస్తాయి. కొండెక్కే రోజు ఎవరి గొర్రెల్ని వాళ్ళు పితికి కొలత వేయించుకోవాలి. ఆ ఒక్క పూట పాలు బకెట్‌లో ఎంత ఎత్తుకొస్తే వేసవంతా అంత వాటా చీజ్. తర్వాత గొర్రె ఎంతిచ్చినా వాటా మారదు.

అందుకని ముందు రోజు సాయంత్రం దాకా గొర్రెల్ని దొడ్లో పస్తుంచింది. ఆకలి మీద కడుపారా మేస్తే పాలు పొంగుతాయని ఆమె ఎత్తుగడ. ఎండుగడ్డి కోసం అట్టేపెట్టిన పచ్చికలో చిన్న కంచె కట్టి అందులోకి తోలింది. ఆ పచ్చికంతా కోడికాలు పూసి ఉంది. ఆకు కోడి పాదంలా చీలి, పువ్వు వెన్న రాసినట్టు పసుపుగా మెరిసే కలుపు అది. పెరట్లో ఉల్లిమడుల్లోకి వస్తే రఫీలా పీకి పారేస్తుంది. పచ్చిది తింటే నోరు పొక్కుతుంది. కోసి ఎండబెడితే ఘాటు పోయి మామూలు గడ్డే. గొర్రెలు దాన్ని ముట్టవని అందరికీ తెలుసు. ముట్టనిది కడుపు నిండిన గొర్రె అన్న సంగతి ఆమె లెక్కలోకి రాలేదు.

తెల్లారేసరికి గొర్రెల పెదవులు వాచి చొంగ కారుతోంది. పొదుగులు వడిలిపోయాయి. రెండు చుక్కలు పిండి నాలుక మీద వేసుకుంటే చేదు, ఆపైన మంట.

కొండ కింద పెద్ద కాపరి తోదెర్ కాళ్ళ దగ్గర కూలబడింది. "బాబాయ్, నా ఒక్కదానికి కొలత వచ్చే ఆదివారం పెట్టు."

"అట్టా ఎట్టా కుదురుద్దమ్మా? నీకు ఆపితే, తన గొర్రెకు జలుబంటాడు ఇలీసియె."

"జలుబు కాదు బాబాయ్, మా గొర్రెకు పెళ్ళి కుదిరింది," అన్నాడు పక్కింటి ఇలీసియె. అందరూ నవ్వారు.

రఫీలా పితికింది. తోదెర్ బకెట్‌లో పుల్ల ముంచాడు. నాలుగు వేళ్ళ మేర తడిసింది. బకెట్ ఎత్తి అందరి పాలు పోసే కాగు మీదికి వంచబోతుంటే రఫీలా అతని చెయ్యి పట్టుకుంది. నోరు మూసుకుని ఉంటే ఆ నాలుగు వేళ్ళ వాటా ఖాయం. కానీ ఊరందరి మొదటి చీజూ చేదవుతుంది.

"పొయ్యకు బాబాయ్. కోడికాలు మేశాయి."

తోదెర్ వేలు ముంచి నాకి, తుపుక్కున ఉమ్మేశాడు.

"కాగులో పడని పాలకు కొలతేంటి?" అన్నాడు ఇలీసియె. "రేపు నేను సున్నపునీళ్ళు తెచ్చి చేదు పాలంటా. ఒప్పుకుంటారా?"

తోదెర్ గాటు పెట్టకుండానే పుల్ల దించేశాడు. అంటే వాటా సున్నా. రఫీలా బకెట్ లాక్కుని రెండు చేతులా ఎత్తి తాగింది. "పాలే! చూడండి, పాలే!" మళ్ళీ తాగింది. పెదవులు ఎర్రబడి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా దించలేదు.

"వదినా, చాలు! నేనేదో మాటకన్నా!" ఇలీసియె బకెట్ గుంజుకున్నాడు.

తోదెర్ నాలుగు వేళ్ళ దగ్గర పుల్లకు గాటు పెట్టాడు.

నాలుగు రోజుల్లో నోళ్ళు మానతాయి, పొదుగులు నిండుతాయి, ఆ పాలన్నీ పరాయివాళ్ళ చీజులోకి పోతాయి. ఇంటికి తోలుకుపోదామంటే మేపడానికి ఉన్నది ఆ పచ్చికే. మంద కదిలింది. వాటి వెనకాలే గొర్రెపిల్లలా నాలుగడుగులు వేసి ఆగింది రఫీలా.

"బాబాయ్, చీజ్ తీశాక మిగిలే నీళ్ళు ఏం చేస్తావు?"

"పందులకు పోస్తా."

"ఈ ఏడు అవి నాకు పోసెయ్."

"రోజూ కొండెక్కి మోసుకుపోవాలమ్మా."

"ఎక్కుతా," అంది. నోరు వాచి మాట సరిగ్గా రాలేదు. అతనికి వినపడేలా మళ్ళీ చెప్పింది.