చెప్పరాని పాస్‌వర్డ్

ఆ ఆదివారం పొద్దున ఆర్మూర్ గుట్ట మీద ఒక మబ్బు వచ్చి కూర్చుంది. కురవదు, కదలదు. కింద ఖాళీ జాగాల్లో ఎక్కడ చూసినా ఆరబోసిన పసుపే. రైతులు టార్పాలిన్లు కప్పుతున్నారు, ఎండ తొంగిచూస్తే తీస్తున్నారు, మళ్లీ కప్పుతున్నారు. భూమయ్య గడప మీద కూర్చుని కాసేపు ఆ మబ్బునే చూశాడు. ముప్పై ఏళ్లుగా మార్కెట్ యార్డులో కాంటా దగ్గర నిలబడి పసుపు సంచులు తూచిన మనిషి. సంచిని చూసి తూకం చెప్పగలడు, మబ్బును చూసి వాన చెప్పగలడు. ఇది కురిసే మబ్బు కాదనుకున్నాడు. ఆ తర్వాత ఒళ్లో ఉన్న అట్టపెట్టె వైపు చూశాడు. దాని సంగతే అంతుపట్టలేదు.

పెట్టెలో గుప్పిట్లో ఇమిడేంత తెల్లటి ప్లగ్గు ఉంది. దాన్ని గోడ సాకెట్‌కు గుచ్చి, దానికి కూలర్ వైరు గుచ్చితే, ఇక కూలర్‌ను ఫోన్‌తోనే వేయొచ్చు, ఆపొచ్చు. పాత బస్టాండు దగ్గర కరెంటు సామాన్ల షాపు నడిపే దయాకర్ నిన్న సాయంత్రం ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ చేతిలో పెట్టాడు.

"కాకా, గీ గుండీ అయిదు సెకన్లు ఒత్తిపట్టు. లైటు టకటక కొట్టుకుంటది. ఫోన్ల యాప్ నేను ఎక్కిచ్చిన. మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఏస్తే పనైపాయె. ఒక్కటే మాట. గోడకున్న స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండాలె. నీ చెయ్యి ఊకోదు, నాకెర్కే."

దయాకర్ అన్నది నిజమే. గదిలోంచి బయటికి అడుగుపెట్టే ముందు భూమయ్య చెయ్యి దానంతట అదే గోడ మీదికి పోతుంది. అన్ని స్విచ్చులూ ఆపందే గడప దాటడు.

అసలు ఈ ప్లగ్గు అవసరం ఎందుకొచ్చిందంటే, నెల కింద భార్య శాంతవ్వ బట్టలుతికే బండ దగ్గర జారి కాలు విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా పిండికట్టు. ఇంకో నెల దాకా మంచం దిగొద్దన్నారు. కిటికీలో పెట్టిన కూలర్ ఆగకుండా తిరిగితే ఆ చల్లటి తడిగాలికి విరిగిన కాలు సలుపుతుంది. ఆపితే కట్టు లోపల చెమటపట్టి దురద పెడుతుంది. స్విచ్చేమో మంచానికి ఎదురుగోడకు ఉంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు తెస్తే ఆ వైరు ఆమె చేతికర్రకు తగులుకుంటోంది. భూమయ్య పొద్దున్నే యార్డుకు పోతే వచ్చేసరికి రెండు దాటుతుంది. మొన్న శుక్రవారం శాంతవ్వ కర్ర పట్టుకుని స్విచ్చు దాకా పోబోయి సగం దూరంలో కూలబడింది. దెబ్బ తగల్లేదు. కానీ పక్కింటి ఎస్తేరమ్మ ఆ సంగతి జక్రాన్‌పల్లిలో ఉన్న కూతురు పూర్ణిమకు ఫోన్ చేసి చెప్పేసింది.

"ఆదివారం వచ్చి అమ్మను తీస్కపోత," అంది పూర్ణిమ. "కట్టు ఇప్పేదాక నా దగ్గర్నే ఉంటది."

భూమయ్య సరే అన్నాడు. అది విని శాంతవ్వ కూడా సరే అంది. ఆ మాట అన్నప్పటి నుంచి భూమయ్యకు ముద్ద దిగడం లేదు. యార్డు నుంచి వచ్చి చెప్పులు విడిస్తే, కాళ్లు కడుక్కో అనే గొంతు ఇంట్లో లేకపోతే ఎట్లా ఉంటుందో రెండు రోజులుగా ఊహించి చూస్తున్నాడు. ఊహలోనే బాగాలేదు. వద్దు, ఉండిపో అని నోటితో అనడం అతనికి రాదు. అందుకని పోయి ఈ ప్లగ్గు తెచ్చాడు. కూతురు వచ్చేలోపు ఇది పనిచేస్తే, శాంతవ్వ లేవాల్సిన అవసరమే ఉండదు. అప్పుడు తీసుకుపోవద్దని కూతురికి చెప్పొచ్చు అనుకున్నాడు.

ప్లగ్గు సాకెట్‌కు పెట్టి, గుండీ ఒత్తి పట్టాడు. నీలం లైటు టకటక కొట్టుకుంది. ఫోన్ పాస్‌వర్డ్ అడిగింది.

ఏడాది కింద టీవీ కనెక్షన్‌తో పాటు వైఫై డబ్బా బిగించిపోయిన గంగాధర్ వచ్చినప్పుడు భూమయ్య యార్డులో ఉన్నాడు. పక్కనుండి పెట్టించుకుంది శాంతవ్వే. తెలిసిందీ ఆమెకే. మంచం మీద ఒళ్లో చేట పెట్టుకుని చింతచిగురు ఏరుతున్న భార్య దగ్గరికి పోయి అడిగాడు.

"శాంతా, గా వైఫై పాస్‌వర్డ్ ఏందో చెప్పరాదు."

ఆర్మూర్ దిక్కున ఆ మాటకు చెప్పవచ్చు కదా అనీ అర్థమే, చెప్పకూడదు అనీ అర్థమే.

శాంతవ్వ తల ఎత్తలేదు. "చెప్పరాదు," అంది.

"ఏంది?"

"చెప్పరాదంటున్న గద. గా మొలకు కరెంటు బిల్లున్నది, సూడు."

గోడ మేకుకు గుచ్చిన కాగితాల్లో పైదాన్ని భూమయ్య చూశాడు. కిందటి నెల కన్నా ఎక్కువే వచ్చింది. కూలర్ వల్లనే. తనకు అర్థమైంది అనుకున్నాడు. ఉన్న బిల్లు చాలదా, నేను పోయేదాన్ని, ఇప్పుడు ఇంకేం సామాను తెచ్చి పెడుతున్నావు అంటోంది. పోవాలనే ఉంది ఆమెకు.

యార్డులో అతను తూకం ఒక్కసారే కేకేస్తాడు, వినకపోతే వాళ్ల పొరపాటు. అట్లాంటి మనిషి ఏ మాటనూ రెండోసారి అడగడు. ప్లగ్గు పీకి పెట్టెలో పెట్టాడు. పెట్టెను గూట్లో పెట్టాడు. గోడ స్విచ్చి ఆపాడు. తర్వాత అటక మీంచి ఊరికి పోయే సంచి దింపి, దులిపి, మంచం పక్కన పెట్టాడు.

ఆ సంచిని చూసి శాంతవ్వ చిగురు ఏరడం ఆపింది.

"దుప్పటి గూడ పెట్టు," అంది. "మల్ల మల్ల రాకుంట."

అతను దుప్పటి కూడా పెట్టాడు. తర్వాత చేట అందుకుని వంటింట్లోకి పోయి పప్పు పొయ్యి మీద పెట్టాడు.

పదకొండింటికి ఆటో ఆగింది. పూర్ణిమ టిఫిన్ డబ్బా నిండా జొన్నరొట్టెలు పట్టుకుని దిగింది.

"వంట ఎవరు చేస్తున్నరు బాపు?"

"నేనే."

"అందుకేనా అమ్మ గిట్ల బక్కగైంది."

"మీ అమ్మ సన్నగైతే మంచం ఖుష్," అన్నాడు భూమయ్య. మామూలుగా అయితే ఇట్లాంటి మాటకు శాంతవ్వ ఊరుకోదు. ఇవాళ మంచం పక్కనున్న సంచినే చూస్తోంది. భూమయ్య చెంబు పట్టుకుని వాకిట్లోకి పోయాడు.

పూర్ణిమ దండెం మీంచి చీరలు తీసి మడవడం మొదలుపెట్టింది. మధ్యలో ఫోన్ చూసుకుంది.

"నెట్ అయిపోయింది. మీ అల్లునికి వీడియో కాల్ చేస్తనన్న. అమ్మా, వైఫై పాస్‌వర్డ్ చెప్పు."

"మీ బాపు పేరే."

వాకిట్లో ముఖం కడుక్కుంటున్న భూమయ్య చేతిలో చెంబు అట్లాగే ఆగింది.

పూర్ణిమ నవ్వింది. "ఇంకేం దొరకలేదా నీకు?"

"ఎనిమిది అక్షరాలు గావాలె అన్నడు గా గంగాధర్. నాకు ఇంగ్లీషు ఏమొస్తది. పేరేందో చెప్పక్కా అంటడు. మొగని పేరు నోటితోని ఎట్ల చెప్త? గా కరెంటు బిల్లు సూపిచ్చిన. వేళ్ల మీద లెక్కవెట్టి, సరిగ్గ ఎనిమిదే ఉన్నయక్కా అన్నడు."

భూమయ్య చెంబు కింద పెట్టి లోపలికి వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా మేకు మీంచి బిల్లు తీశాడు. ఇన్నేళ్లలో ఆ కాగితం మీద కింద ఉండే అంకెలే చూశాడు. పైన తన పేరు ఉంటుందని తెలుసు, ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎనిమిదే ఉన్నాయి. ఏడాదిగా ఆ ఇంట్లో టీవీ అయినా ఫోనైనా ఆ పేరు మీదే నడుస్తోంది.

గూట్లోంచి పెట్టె తీసి ప్లగ్గు సాకెట్‌కు గుచ్చాడు. లైటు వెలగలేదు.

"స్విచ్చెయ్యి," అంది శాంతవ్వ మంచం మీంచి. "పొద్దుగాల నువ్వే బంద్ జేసినవ్."

స్విచ్చి వేశాడు. గుండీ ఒత్తి పట్టాడు. లైటు టకటక కొట్టుకుంది. ఒక్కో అక్షరం వెతికి వెతికి తన పేరు తానే కొట్టాడు. ఫోన్ తప్పు అంది. బిల్లును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అన్నీ పెద్దక్షరాలు. మళ్లీ కొట్టాడు. లైటు కొట్టుకోవడం ఆపి నిలకడగా వెలిగింది. ఫోన్ మీద వేలు పెట్టగానే కిటికీలో కూలర్ గుర్రుమని లేచింది.

"గిదేంది బాపు?" అంది పూర్ణిమ.

"మీ అమ్మ లేవకుంట ఉండెటందుకు."

శాంతవ్వ కూలర్ వైపు చూసింది, తర్వాత మంచం పక్కన ఉన్న సంచి వైపు చూసింది.

"గిందుకా పాస్‌వర్డ్ అడిగింది? ఫోన్ల ఏదో సూసెటందుకు అనుకున్న. ముందుగాలనే చెప్పరాదు?"

ఈసారి ఆ మాటకు ఒక్కటే అర్థం.

"నువ్వు పోతనంటివి గద," అన్నాడు భూమయ్య.

"నేనెప్పుడన్న? నువ్వు సరే అంటివి, నేను సరే అంటిని."

పూర్ణిమ మడిచిన చీర చేతి మీద వేసుకుని ఒకసారి తల్లినీ ఒకసారి తండ్రినీ చూసింది. తల్లి ఫోన్ తీసుకుని అందులో కూడా యాప్ ఎక్కించింది. మంచం మీంచి శాంతవ్వ కూలర్ ఆపింది, వేసింది, మళ్లీ ఆపింది.

"ఈ ప్లగ్గుకొక పేరు పెట్టమంటున్నది యాప్," అంది పూర్ణిమ. "ఏం పెట్టాలె?"

"పేరెందుకు?"

"పేరు లేకుంటే ఎట్ల పిలుస్తవ్?"

"ముప్పై రెండేండ్లు పేరు పెట్టి పిలవకుంటనే అన్ని పనులు చేయించుకున్న," అంది శాంతవ్వ.

భూమయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వు దాచుకోవాల్సినప్పుడు అతను గోడ వైపు తిరుగుతాడని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. తిరిగినవాడు ఊరికే ఉండకుండా వంటింట్లోకి పోయి నాలుగు అన్నం మెతుకులు తెచ్చాడు. జేబులోంచి యార్డు చీటీ ఒకటి తీశాడు. కాంటా అయిపోయిన సంచి మీద పెట్టే చీటీ అది. అది ఉన్న సంచి మీద ఇంకెవరూ చెయ్యి వేయరు. మెతుకులు మెదిపి ఆ చీటీని గోడ స్విచ్చి మీద అంటించాడు. తన చేతికి తెలిసే భాష అదొక్కటే.

పూర్ణిమ చీరలు మళ్లీ దండెం మీద వేసింది. దుప్పటి తీసి తల్లి కాళ్ల దగ్గర పెట్టి, ఖాళీ సంచి తండ్రి చేతికిచ్చింది.

"వారం దినాలు సూస్త. మల్ల లేచి నడిచినవని ఎస్తేరమ్మత్త చెప్పిందనుకో, ఇద్దర్ని కట్టుకపోత."

మధ్యాహ్నానికి గుట్ట మీద మబ్బు లేదు. ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. భూమయ్య మంచం దగ్గరికి పీట లాగి, మూడు కంచాల్లో అన్నం పెట్టి చింతచిగురు పప్పు పోశాడు. పూర్ణిమ రొట్టెలు తుంచి పెట్టింది. మొదటి ముద్దకే తెలిసింది, పప్పులో ఉప్పు వేయలేదని. పూర్ణిమ తల్లి వైపు చూసింది. శాంతవ్వ మంచం పక్కనున్న మామిడికాయ తొక్కు సీసా మూత తీసి, ముందు భర్త కంచంలో, తర్వాత కూతురి కంచంలో, ఆఖరికి తన కంచంలో కొంచెం కొంచెం వేసింది. సీసా పక్కన పెట్టి, ఫోన్ మీద వేలు ఆనించింది. కూలర్ తిరిగింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.