తాడుకు రెండో కొస

కవ్వానికి చుట్టిన తాడు సర్రు సర్రుమంటూనే ఉంది. వెన్న పడి అప్పటికే చాలాసేపయింది. కవ్వపత్త ఆ సంగతి బయటపెట్టలేదు. కుండలో ఇన్ని చన్నీళ్లు పోసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలుపెట్టింది.

ముప్పయ్యేళ్లుగా ఆ ఇంట్లో జీతానికి పెరుగు చిలికే పని ఆవిడది; చుట్టం కాకపోయినా అందరికీ కవ్వపత్తే. చిలికే వేళ లోపలికి ఎవరొచ్చినా ఎదురుగా పీట మీద కూర్చుని, తాడు రెండో కొస పట్టుకుని రెండుసార్లు లాగాలి. లేకపోతే వెన్న వాళ్ల వెంటే వెళ్లిపోతుందట. "మా అమ్మ చెప్పింది" అనేది. పాపం, వాళ్లమ్మకు ఈ సంగతే తెలియదు. పోస్టుమ్యాన్ లాగాడు, కరెంటు రీడింగుకొచ్చినవాడు లాగాడు, ఆ ఇంటి అల్లుడు అలిగి వెళ్లిపోతూ కూడా లాగి మరీ వెళ్లాడు. ఆ కాసేపట్లోనే ఆవిడ వాళ్ల మోకాళ్ల నొప్పులూ పిల్లల చదువులూ అన్నీ కనుక్కునేది. తన గదికి పోతే పలకరించే దిక్కు లేదు మరి.

ఆ ఇంటి కోడలు మాత్రం ఏనాడూ తాడు ముట్టలేదు. మంచిపిల్లే. "ఇవన్నీ ఉత్తమాటలత్తా" అని నవ్వేసి, చిలికే చోటు తప్పించుకుని పెరటివైపు నుంచి తిరిగేది. నిన్న ఆ పిల్లే మెత్తగా అంది: "రేపొక్కరోజు చిలకండత్తా. ఎల్లుండి చిలికే మిషను వస్తోంది. మీ చేతులకూ విశ్రాంతి."

అందుకే ఈవేళ ఒక్క మనిషి రావాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. చూపంతా వీధి తలుపు మీదే. పేపరు వచ్చి వాకిట్లో పడింది. వేసినవాడు లోపలికి రాలేదు.

"వెన్న ఇంకా పడలేదా అత్తా?" వంటింట్లోంచి కోడలు.

"పడనంటోంది తల్లీ! ఎవరూ ఓ చెయ్యి వెయ్యలేదుగా, అలిగింది."

కోడలు నవ్వింది గానీ రాలేదు. కవ్వపత్తకు ఎడమ భుజం ఒకటే లాగేస్తోంది. తాడు రెండో కొస ఎదుటి పీట మీద పెట్టి, గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది.

చప్పుడు ఆగిందేమిటా అని కోడలు వచ్చింది. కుండ నిండా వెన్న.

"పడిందిగా అత్తా! లేదన్నారేం?"

భుజం తట్టింది. చెంప తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఆ అబద్ధం ఎందుకో అప్పుడు తెలిసింది.

కేక పెట్టాల్సింది, ఎవరినైనా పిలవాల్సింది. ఆ పిల్ల పీట మీద కూలబడి, తాడు అందుకుని లాగింది. కవ్వం తిరిగింది. రెండోసారి లాగాలంటే అటునుంచి ఎవరైనా ఒకసారి వెనక్కి లాగాలి.

చేతితడికి నల్లబడి నునుపెక్కిన అటు కొస, ఆవిడ వేళ్లలోంచి జారి కుండ పక్కన పడి ఉంది.