లాగిన్ వెనకాల సత్తమ్మ

సోమవారం వ్యాను వస్తుందని తెలిసిన రోజు దోర్కాకు అన్నం సహించలేదు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో ఉన్న ఆశ్రయంలో ఆమె ఉద్యోగం. దారి తప్పి, ఇల్లెక్కడో చెప్పలేని ఆడవాళ్లను పోలీసులు అక్కడికి తెచ్చి అప్పజెబుతారు. తొంభై రోజులు ఉంచుకోవచ్చు. ఆలోగా ఎవరూ రాకపోతే ఎక్కడో వేరే జిల్లాలో ఉన్న పెద్ద హోముకు పంపేయాల్సిందే. సత్తమ్మ గడువు ఆదివారంతో సరి.

సత్తమ్మ ఉప్పల్ రింగురోడ్డు బస్టాపులో దొరికింది. అరవై దాటి ఉంటాయి. పేరు మాత్రం చెప్పింది. ఊరేదని అడిగితే "మా ఊరే" అనేది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే మొహం కొంగుతో తుడుచుకుని, ఏదో ఒక పని అందుకునేది. ఈవిడను అంత దూరం పంపేశాక ఇంటివాళ్లు ఉప్పల్ అంతా గాలించినా ఏం లాభం? దోర్కాకు రోజంతా అదే దిగులు.

ఇలాంటివాళ్ల వివరాలకు ఆశ్రయం నడిపే ట్రస్టుకు ఒక యాప్ ఉంది కదా, అందులో పెట్టలేదా అంటారేమో. పెట్టారు! ఫొటో, ఒంటి మీది గుర్తులు, దొరికిన తేదీ, అన్నీ పెట్టారు. కాకపోతే ఆ యాప్ ఎలా ఉండాలో నిర్ణయించింది ట్రస్టు కార్యదర్శి ఉమాపతి గారు. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ముప్పై నాలుగేళ్లు స్టోర్స్ చూసి రిటైరైన మనిషి. తన హయాంలో గేట్‌పాస్ లేకుండా ఒక్క మేకు బయటికి పోలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. యాప్‌కూ అదే కాపలా పెట్టించారు. ముందు ఫోన్ నంబరు, దానికి ఓటీపీ, ఆ తర్వాత ఆధార్, ఆపైన ఎందుకు చూడాలనుకుంటున్నారో ఒక దరఖాస్తు. ఆఫీసువాళ్లు సరేనంటేనే లోపలి పేజీ కనిపిస్తుంది. తొమ్మిది నెలల్లో పదకొండు మంది లోపలికొచ్చారు. అందులో తొమ్మిది మంది ట్రస్టు వాళ్లే. అబ్బో, ఏం భద్రత!

మంగళవారం దోర్కా ఉండబట్టలేక గూగుల్లో కొట్టింది, ఉప్పల్‌లో దొరికిన సత్తమ్మ అని. ఒక చీరల దుకాణం వచ్చింది, ఏదో సీరియల్ వచ్చింది. పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సత్తమ్మ మాత్రం రాలేదు. అప్పుడు వెలిగింది దోర్కాకు. గూగుల్ కూడా బయటివాళ్ల లెక్కే కదా! దానికి ఫోన్ నంబరెక్కడిది, ఆధారెక్కడిది? పాపం, అది వచ్చినప్పుడల్లా లాగిన్ దగ్గర్నుంచే వెనక్కి పోతోంది.

వెంటనే ఉమాపతి గారి గదిలోకి వెళ్లింది. "సార్, మన యాప్‌ల ఉన్నోళ్లు గూగుల్‌కు కనవడ్తలేరు. లాగిన్ తీసెయ్యాలె."

"తీసెయ్యడమేమిటమ్మాయ్! ఎవడు పడితే వాడొచ్చి మా పిన్నేనంటూ తీసుకుపోతే జవాబుదారీ ఎవరిది?"

ఆ మాటలో తప్పు లేదు, చిక్కంతా అదే. అయినా దోర్కాకు ఒళ్లు మండింది. "ఎవడు వడితే వాడు రాకుండ జేసినం, మంచిదే. రావాల్సినోళ్లను గూడ రాకుండ జేసినం గద సార్! మన యాప్ ఉన్నదని వాళ్లకెట్ల ఎరుక? వాళ్లు గూగుల్‌నే అడుగుతరు."

ఉమాపతి గారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "స్టోర్స్‌లో కూడా ఏమేం సరుకు ఉందో బయట బోర్డు మీద రాసేవాళ్లం," అని గొణిగారు చివరికి. "లోపలికి మాత్రం రానిచ్చేవాళ్లం కాదు."

"గంతే సార్! బోర్డే వెడదాం."

యాప్ తయారుచేసిన హబ్సిగూడ విక్రమ్ బుధవారం సాయంత్రానికల్లా పని ముగించాడు. ఇప్పుడు ఒక్కొక్క మనిషికీ ఇంటర్నెట్లో ఒక చిరునామా. యాప్ ఉన్నవాళ్లు నొక్కితే యాప్‌లో ఆ మనిషి పేజీయే తెరుచుకుంటుంది, లేనివాళ్లకు మామూలుగా కనిపిస్తుంది. పేరు, ఫొటో, దొరికిన చోటు, దోర్కా నంబరు, అంతవరకే బయట. గుర్తులు, ఆశ్రయం చిరునామా లోపలే ఉండాలన్నది ఉమాపతి గారి షరతు. 'గుర్తు తెలియని మహిళ, కేసు నంబరు' అని ఉన్నచోట దోర్కా తన మాటల్లో రాసింది: 'సత్తమ్మ ఉప్పల్ బస్టాపు కాడ దొరికింది. మీ ఇంటి మనిషేనా?' గూగుల్‌కు కబురు పెట్టానని, అది వచ్చి చూడ్డానికి రెండు రోజులు పట్టొచ్చు, వారం పట్టొచ్చని విక్రమ్ అన్నాడు. వారం ఎక్కడుంది?

గురువారం లేదు. శుక్రవారం లేదు. శనివారం మధ్యాహ్నం గూగుల్లో సత్తమ్మ మొహం కనిపించేసరికి దోర్కా కుర్చీలోంచి ఎగిరి లేచింది. కానీ ఫోన్ రాలేదు. సాయంత్రం సత్తమ్మ చీరలు మడిచి సంచిలో పెడుతుంటే దోర్కాకు ఏడుపొచ్చింది.

ఆదివారం చర్చికి వెళ్లింది. ఘనకార్యం అక్కడ చేసింది. ఆరాధనలో ఫోన్ మోగితే పాస్టరు గారు ప్రసంగం ఆపి మరీ చూస్తారు. అందుకని గుమ్మంలోనే ఆపేయడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. ఆ వేళా ఆపేసింది. సత్తమ్మ పేజీ మీద ఉన్న ఒకే ఒక్క నంబరు తనదేనని మూడో పాట మధ్యలో గుర్తొచ్చింది! వరసలో వాళ్లను తోసుకుంటూ బయటికొచ్చి, ఫోన్ ఆన్ చేసింది. ఒకే నంబరు నుంచి పద్నాలుగు సార్లు చేశారని మెసేజీలు. దోర్కా ఆ నంబరు నొక్కింది.

"ఫోన్ బంద్ వెడ్తే ఎట్ల మేడమ్! పొద్దుగాల సంది నా పానం పోతున్నది," అని అవతలి గొంతు విరుచుకుపడి, అంతలోనే భోరుమంది. "మా అక్క మేడమ్, సత్తక్క. నేను సత్యవేణిని, పోచారంల ఉంట."

పోచారం! గంట ప్రయాణం కూడా లేదు. సత్తమ్మ జనగామ దగ్గరి ఊళ్లో కనిపించకుండా పోయిందట. వాళ్లంతా ఆ చుట్టుపక్కలే వెతికారట. "దినాం గూగుల్ల కొడ్తనే ఉన్న మేడమ్. ఇయ్యాల అక్క మొకం వచ్చింది."

దోర్కా అంత సంబరంలోనూ ఉమాపతి గారి షరతు మరవలేదు. "మీ అక్కకు ఏమన్న గుర్తున్నదా?"

"కుడి మోచేతి కాడ కాలిన మచ్చ. నా పెండ్లికి గారెలు జేస్తుంటే నూనె వడ్డది."

"జల్ది రా అమ్మా," అని ఆశ్రయం చిరునామా చెప్పి దోర్కా చర్చి మెట్ల మీదే కూలబడింది. దేవా, దేవా అనుకుంటూ నవ్వింది, ఏడ్చింది. అటుగా వెళ్లేవాళ్లు ఏమనుకుంటున్నారో ఆమెకు పట్టలేదు.

మధ్యాహ్నం సత్యవేణి ఆటోలో దిగింది. ఉమాపతి గారు ఆధార్ చూశారు, అక్కాచెల్లెళ్ల పాత ఫొటో చూశారు, జనగామ పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు కాగితం రెండుసార్లు చదివారు. చదివి, తనే లేచి తలుపు తీశారు. "వెళ్లమ్మా," అన్నారు. ఆ వెంటనే ఫోన్ తీసి, రేపు వ్యాను అక్కర్లేదని హోము వాళ్లకు చెప్పేశారు.

సత్తమ్మ వరండాలో కూర్చుని ఉంది. సత్యవేణి ఎదురుగా మోకాళ్ల మీద కూలబడింది. సత్తమ్మ ఆమెను తేరిపార చూసింది. గుర్తుపట్టదేమోనని దోర్కాకు భయమేసింది. అంతలో సత్తమ్మ చెయ్యెత్తి చెల్లెలి భుజం మీద చెళ్లున ఒకటేసింది.

"ఏడికి వోయినవే వేణీ? నీ కోసమే బస్సెక్కి వచ్చిన. గిన్ని దినాలు ఎంత దేవులాడిన్నో ఎర్కేనా? మల్ల తప్పిపోతే కాళ్లిరగ్గొడ్త!"

సత్యవేణి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "తప్పయిందక్కా," అంది వెక్కుతూ. "దొరికిన గద. ఇంటికి దీస్కపో."