ఏడో నంబరు కడ్డీ

మా విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఉన్ని వడికే మిల్లు. భూగోళ విభాగంలో పదకొండు మంది విద్యార్థులం, ఇద్దరు గురువులు. వాళ్ళలో పెద్దాయన తుర్దుబెక్. ఆయన్ను ఎవరూ పేరుతో పిలవరు, అందరికీ ‘అగాయ్’. కిర్గిజ్ బడిలో చదివిన ఎవరికైనా పంతులుగారు అగాయే.

పై కొండల్లోని హిమానీనదాన్ని ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కొలుస్తున్నారు. మంచులోకి పన్నెండు ఇనుప కడ్డీలు దింపి, ఏటా సెప్టెంబరులో ఏ కడ్డీ ఎంత బయటపడిందో రాసుకుంటారు. ఎంత బయటపడితే అంత మంచు కరిగినట్టు. లోయలోని తాష్-బులున్ ఊరివాళ్ళు ఆ లెక్క అడిగే చేలకు నీళ్ళు పంచుకునేవారు, ఏటి ఒడ్డున ఇళ్ళు కట్టుకునేవారు. మాలో ఎవరినీ ఆయన పైకి తీసుకెళ్ళేవారు కాదు. “పగుళ్ళున్నాయి, మీకేమైనా అయితే మీ అమ్మలకు నేను జవాబు చెప్పలేను” అనేవారు. ఆయనకు మా మీద ఎంత ప్రేమో అనుకునేదాన్ని.

నా సిద్ధాంత వ్యాసం ఆయన లెక్కల మీదే. జూన్‌లో చివరి పేజీలు రాస్తుండగా, అట్ట మీద వేయడానికి ఒక ఫోటో ఉంటే బాగుంటుందనిపించింది. ఏడో నంబరు కడ్డీ పక్కన నిలబడి ఫోటో దిగి, అగాయ్‌కి చూపించి ఆశ్చర్యపరచాలని నా ఆలోచన. తాష్-బులున్ కుర్రాడే అయిన నా సహపాఠి సీమిక్‌ను తోడు రమ్మన్నాను.

తెల్లవారకముందే బయలుదేరాం. రాళ్ళదారిలో రెండు గంటలు ఎక్కేసరికి నాకు ఊపిరి అందలేదు.

“అరవై నాలుగేళ్ళ అగాయ్ చెడిపోయిన మోకాళ్ళతో ఏటా ఎక్కుతున్నారు. నువ్వేంటి జాజ్‌గుల్, అప్పుడే కూలబడ్డావు?” అన్నాడు సీమిక్.

“నా సంచి కూడా నువ్వే మొయ్యి, అప్పుడు పరిగెడతా” అన్నాను.

అగాయ్ లెక్కలు ఎక్కించుకున్న నా నోటుపుస్తకంలోని పటం ప్రకారం, ఎదురుగా ఉన్న రాళ్ళగుట్ట దాటగానే మంచు మొదలవ్వాలి. గుట్ట దాటాం. మంచు లేదు. బోసి రాళ్ళు. ఆ రాళ్ళ మధ్య ఒక కడ్డీ అడ్డంగా పడి ఉంది, నిలువెల్లా తుప్పు. ఎర్రరంగుతో వేసిన ఏడు అంకె సగం చెరిగిపోయింది. దాని చుట్టూ పసుపు పూల మొక్కలు వేళ్ళూనుకున్నాయి. అవి ఒక్క ఏడాదిలో పెరిగినవి కావు.

సీమిక్ నోటుపుస్తకం లాక్కుని చదివాడు. “పోయిన సెప్టెంబరు. ఏడో నంబరు. మీటరు నలభై.” తలెత్తి నా వైపు చూశాడు. “మీటరు నలభై దేనిలోంచి?”

దారి తప్పాం అన్నాను. ఇది వేరే లోయ అన్నాను. నేను మాట్లాడుతూనే ఉన్నాను, అతను వినడం మానేసి ముందుకు నడిచాడు. ఇరవై అడుగులు వేసి ఆగిపోయాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

మంచు ఉండాల్సిన చోట చెరువు ఉంది. బూడిదరంగు నీళ్ళు, అవతలి ఒడ్డున విరిగిపడుతున్న మంచుగోడ. ఇవతల నీటిని ఆపుతున్నది మేమెక్కి వచ్చిన ఆ రాళ్ళగుట్ట ఒక్కటే. గుట్ట అడుగున రాళ్ళ సందుల్లోంచి నీరు ఊరడం గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు మేం సీసాలు నింపుకున్నది అక్కడే. వెనక్కి గుట్ట మీదికి వచ్చి చూస్తే, దానికి సూటిగా కింద, అరచేతి వెడల్పున, తాష్-బులున్ ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి.

చెరువునూ, రాళ్ళలో పడి ఉన్న కడ్డీనీ కలిపి ఫోన్‌లో ఫోటో తీశాను.

మధ్యాహ్నానికి దిగి, సరాసరి విభాగం గదికి వెళ్ళాం. అగాయ్ చాయ్ తాగుతున్నారు. ఫోన్‌లో ఫోటో ఆయన ముందు పెట్టాను.

“ఎక్కడిది?”

“ఏడో నంబరు దగ్గర, అగాయ్.”

ఆయన తిడతారని ఎదురుచూశాను. ‘పిచ్చిపిల్లా, వేరే లోయకెళ్ళారు’ అంటే ఆ క్షణంలోనే నమ్మేసేదాన్ని. ఆయన కప్పు కింద పెట్టి, “ఎంత పెద్దది?” అన్నారు.

“మన ఆటస్థలాలు అయిదారు పడతాయి” అన్నాడు సీమిక్. “మీరు సెప్టెంబరులో వెళ్ళారు కదా అగాయ్? మీకు కనబడలేదా?”

“వెళ్ళలేదు.”

“మరి ఎప్పుడెళ్ళారు?”

“ఆరేళ్ళు దాటింది.”

ఆయనే నెమ్మదిగా చెప్పారు. ఆ చివరిసారికే కింది కడ్డీలు రెండు రాళ్ళ మీద పడి ఉన్నాయట. దిగేటప్పుడు కాలు విరిగింది. మరుసటి ఏడు ఎక్కలేకపోయారు. “ఒక్క ఏడే కదా అని పాత లెక్కల్ని బట్టి అంచనా వేసి రాశాను. రెండో ఏడు నిజం రాయాలంటే మొదటిది అబద్ధమని ఒప్పుకోవాలి. కొలత ఆగిందంటే ఈ విభాగాన్నే మూసేస్తారు.”

“మమ్మల్ని పంపించొచ్చుగా!” అన్నాను.

“పంపిస్తే మీరు చూసేవాళ్ళు.”

మూడేళ్ళు ఆయన దగ్గర చదువుకున్నాను. కొలవని అంకె రాయకూడదని నాకు నేర్పింది ఆయనే. ‘మీరు చూసేవాళ్ళు’ అన్న మాట విన్నాక ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. గోడకున్న ఆ కొలతల గ్రాఫు వైపు చూశాను. చివరి ఆరు చుక్కలు ఎంత ముద్దుగా వరసలో ఉన్నాయో అప్పుడే గమనించాను.

“మా అమ్మ ఆ ఏటి ఒడ్డునే పడుకుంటుంది, అగాయ్” అన్నాడు సీమిక్.

ఆయన లేచారు. విపత్తుల శాఖకు ఆయనే ఫోన్ చేశారు. “నా పేరు తుర్దుబెక్. ఆరేళ్ళుగా నేను దొంగలెక్కలు రాశాను. ఊరు ఖాళీ చేయించాలి.” తర్వాత మాతో పాటే జీపెక్కి, ఊరి చావడిలో అందరి ముందూ అదే మాట చెప్పారు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

ఊరంతా ‘ఆపా’, అంటే అమ్మా, అని పిలిచే ముసలి బాత్మా లేచి అంది: “నువ్వు భయం లేదంటేనే కదయ్యా, మా మనవడు ఏటి ఒడ్డున ఇల్లు కట్టింది!”

సాయంత్రానికి ఊరంతా మా విశ్వవిద్యాలయానికి చేరింది. తరగతి గదుల్లో పరుపులు, మెట్ల కింద కోళ్ళు. ముగ్గురు చొప్పున ఒక మంచం మీద సర్దుకుని మా గదులు వాళ్ళకిచ్చాం. వంటగది బాత్మా ఆపా చేతిలోకి వెళ్ళింది. “ఏమ్మా, మీ చదువుల్లో పిండి పిసకడం నేర్పరా?” అని నా చేతిలోంచి గిన్నె లాక్కుంది. పరీక్షలు వాయిదా పడ్డాయి. పైన చెరువులోకి గొట్టాలు వేసి నీళ్ళు తోడటం మొదలుపెట్టారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గుట్ట తెగింది. శబ్దం మా కిటికీలను వణికించింది. కొండమీద కాపలా ఉన్నవాళ్ళు ముందే పక్కకు తప్పుకున్నారు. వంతెన పోయింది, పంతొమ్మిది ఇళ్ళు పోయాయి. సీమిక్ వాళ్ళిల్లు ఉన్న చోట బండరాళ్ళు మిగిలాయి. ఒక్క మనిషి కూడా పోలేదు. ఇల్లు పోయిందని తెలిశాక సీమిక్ తల్లి వరండాలో కూర్చుని, ఖాళీ చేతుల్ని ఒడిలో పెట్టుకుని, సాయంత్రం దాకా కదల్లేదు.

అగాయ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. విభాగాన్ని మూయలేదు. సెప్టెంబరులో నేనూ సీమిక్ కొత్త కడ్డీలు దింపాం. నేను చదివిన ప్రతి అంకెనూ అతను రెండోసారి చదివించి, తనూ వంగి చూసి, అప్పుడు రాశాడు. అగాయ్ పేరు అతని నోట ఇప్పటికీ రాదు.

నేను మాత్రం అక్టోబరులో ఒకసారి ఆయన ఇంటికి వెళ్ళాను. తిట్టాలని వెళ్ళానో, పలకరించాలని వెళ్ళానో నాకే తెలియదు. తలుపు ఆయనే తీశారు, కర్ర ఊతంతో.

“వ్యాసం ఏం చేశావు?” అన్నారు.

“ఆరేళ్ళూ ఖాళీగా వదిలేశాను, అగాయ్. ఎందుకు ఖాళీయో కింద రాశాను.”

“నా పేరు రాశావా?”

“రాశాను.”

ఆయన తలూపి, లోపలికి రమ్మన్నట్టు పక్కకు జరిగారు. నేను గడప దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. తర్వాత చెప్పులు విప్పాను.