తాళం వేసిన లిఫ్టు

మా తమ్ముడు కన్నతల్లిని ఐదంతస్తులూ మెట్లెక్కించాడని పక్కింటావిడ వీధంతా టముకు వేస్తోందట. మరదలు ఫోన్ చేసి ఆవిడ మాటలే అప్పజెప్పింది: "లిఫ్టు తాళంచెవి జేబులో పెట్టుకుని మరీ ఎక్కించాడట వదినా!"

నాకు తెలియకపోవడమేం? అమ్మ రెక్క పట్టుకుని ఎక్కించింది నేనే.

లిఫ్టులు బాగుచెయ్యడం మా తమ్ముడి పని. వాళ్ళుండే మేడలోని లిఫ్టూ వాడి చేతికిందిదే. శనివారం పొద్దున పైనున్న యంత్రం గదిలో లిఫ్టుని మోసే ఉక్కుతాడు వెంట పాతగుడ్డ పట్టి జార్చాడు. మూడుచోట్ల గుడ్డ పట్టుకుని చిరిగింది. కంటికి ఆనని తెగిన పోగులు గుడ్డకి తగులుతాయి. దిగొచ్చి తాళం వేశాడు. కొత్త తాడు గురువారానికి గాని రాదు.

ఆ సాయంత్రం అమ్మా నేనూ తమ్ముడింటికి వెళ్ళేసరికి అసోసియేషన్ ప్రెసిడెంటు కింద వాడిమీద ఎగురుతున్నాడు. పై అంతస్తులో ఆయన ఇల్లు కొనేవాళ్ళు కాసేపట్లో చూడ్డానికొస్తున్నారు.

"ఒక్కపూటకి తెగిపోతుందా? ఈ వీధిలో తొమ్మిది మేడల పని నీకిప్పించింది ఎవరు?"

"మీరేనండీ."

"అయితే తియ్యి. లేదా సోమవారంనుంచి వేరేవాణ్ణి పెట్టుకుంటాం."

"గురువారం తీస్తానండీ."

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి గాని జేబులో చెయ్యి బయటికి రాలేదు.

అమ్మ నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. వాడు చూపించిన గుడ్డ వేళ్ళతో తడిమింది, చిరుగులు లెక్కపెట్టింది, చేతికర్ర నాకిచ్చింది.

"వీపున ఎక్కించుకుంటానమ్మా."

"నీ నడుం పడిపోతే లిఫ్టులెవడు చూస్తాడు? జరుగు."

మలుపు మలుపుకీ కూలబడింది. తలుపు తీసిన ప్రతివాళ్ళకీ, అడక్కుండానే, "ఈ లిఫ్టు ఆపింది మా అబ్బాయే" అని చెప్పింది. ఊరు గెలిచొచ్చిన కొడుకు గురించి చెప్పినట్టే ఉంది.

నాలుగో అంతస్తు మెట్లమీద ప్రెసిడెంటు రొప్పుతూ మమ్మల్ని అందుకున్నాడు. ఇల్లు కొనేవాళ్ళు ఆయన వెనకే ఉన్నారు.

"పెద్దమ్మా, ఈ వయసులో మీకేం ఖర్మ ఇది? తాళం తియ్యమని మీరైనా చెప్పండి. వాడి పనీ నిలబడుతుంది."

అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

"కన్నతల్లినే లిఫ్టెక్కించనివాడు, నిన్నెక్కిస్తాడటయ్యా?"