మెరిసే వైపు పైకి

మధ్యాహ్నం రెండున్నరకు నా చేతిలో ఉన్నవి ఇవి: మామగారి పాత కత్తి, ఒక టేపు చుట్ట, ఈతగాడి గడియారం, గంటన్నర వ్యవధి. వీటికి తోడు పొద్దున నోరు జారి ఇచ్చిన మాట.

నేను పాత గడియారాలు కొని, తుడిచి, మెరుగుపెట్టి అమ్మేవాణ్ణి. బాగుచేసేవాణ్ణి కాను. ఆ పని మామగారికి వచ్చు, ఆయన దగ్గర నేర్చుకున్న మా ఆవిడకు వచ్చు. అయినా దుకాణంలో కిటికీ పక్కన వెలుతురు పడే బల్ల నాది. ఆవిడ లోపలివైపు కూర్చుని బెల్టులు మారుస్తుంది. వచ్చినవాళ్ళకు ముందు యజమాని కనబడాలని నేనే అలా ఏర్పాటు చేశాను.

ఈతగాడు రేవులో పడవల అడుగున పనిచేస్తాడు. ఆ గడియారం రెండేళ్ళ కిందట నేను అమ్మిందే. అద్దం చుట్టూ నిమిషాల గీతలతో తిరిగే ఉక్కు చట్రం, బెజెల్ అంటారు, ఉప్పు పట్టి బిగుసుకుపోయింది.

"ఈ ఒక్కరోజుకీ అలాగే లాగించెయ్ తమ్ముడూ" అన్నాను పొద్దున.

"భలేవాడివన్నా! సిలిండర్లో గాలి నలభై నిమిషాలకే. దిగేటప్పుడు ఈ బాణం గుర్తుని పెద్దముల్లు దగ్గర పెట్టుకుంటాను. ఎంతసేపయిందో అదే చెప్పాలి. పొరపాటున పడవకి తగిలినా రింగు వెనక్కే జరగాలి. అప్పుడు టైము ఎక్కువైనట్టు చూపిస్తుంది, నేను ముందే పైకొచ్చేస్తాను. అదే ముందుకి జరిగిందనుకో, గాలి ఇంకా ఉందనుకుని అక్కడే ఉండిపోతాను."

"నువ్వుండిపోతే నాకో మంచి గిరాకీ పోతుంది. నాలుగింటికి రా, అదెంత పని" అన్నాను.

"నేను తీస్తానండీ" అంది మా ఆవిడ లోపలినుంచి.

"నువ్వు బెల్టుల సంగతి చూడు."

గీతలు పడకుండా చుట్టూ టేపు అంటించి, బెజెల్ కింద సందులో కత్తి మొన దూర్చాను. జారి బొటనవేలి గోరు లేచిపోయింది. గుడ్డ పేలిక చుట్టుకుని మళ్ళీ పట్టాను. ఒక పక్క వెంట్రుకవాసి లేస్తే రెండో పక్క దిగబడుతోంది. ఉక్కుతో పోట్లాడుతున్నానో, మామగారితో పోట్లాడుతున్నానో తెలియలేదు. పన్నెండు చోట్ల పొడిచాక, పదమూడో పోటుకు ఠప్పుమని ఊడి బీరువా కిందికి దొర్లింది. దానితోపాటు ఒక సన్నటి స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది.

మోకాళ్ళ మీద పాకుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఏం వెతుకుతున్నారు?"

"నా పరువు."

"అయస్కాంతం ఇస్తాను. పరువు దానికి అంటుకోదనుకోండి, ఇంకేమైనా పడుంటే దొరుకుతుంది."

దొరికింది. అప్పటికి మూడుంబావు.

బెజెల్ లోపలి పళ్ళ మధ్య ఉప్పూ ఇసుకా గట్టిపడి ఉన్నాయి. బ్రష్షుతో రుద్ది కడిగాను. స్ప్రింగు అంటే పలుచని రేకు ఉంగరం. దాని నాలుక ఒకటి పక్కకు వాలి ఆ పళ్ళలో పడి, బెజెల్‌ని ఒకవైపే తిరగనిస్తుంది. ఎంత తోమినా ఒకవైపు నల్లమరక వదల్లేదు, రెండోవైపు తళతళలాడుతోంది. మెరిసే వైపు పైకి పెట్టాను. బెజెల్ కింద ఉండే రబ్బరు వలయానికి గ్రీజు రాసి, బెజెల్ సరిగ్గా పెట్టి అదిమాను. కూర్చోలేదు. రబ్బరు పాములా బయటికి తన్నుకొచ్చింది. లోపలికి నెట్టి మళ్ళీ అదిమాను. ఒకపక్కే కూర్చుంది. బల్లను ఒక్క గుద్దు గుద్దితే స్క్రూల డబ్బా బోర్లాపడింది. మూడోసారి గడియారాన్ని మడిచిన తువ్వాలు మీద పెట్టి, ఒళ్ళంతా అరచేతిలోకి తెచ్చి నొక్కాను.

టక్.

తిప్పాను. టిక్ టిక్ టిక్. ఆ చప్పుడు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. మరో పది టిక్కులు తిప్పాకగాని చేతివంక చూసుకోలేదు. ముల్లు నడిచే వైపే తిరుగుతోంది. వెనక్కి తిప్పితే కదలదు.

గోడ గడియారంలో పది తక్కువ నాలుగు. అప్పుడే ఈతగాడు లోపలికొచ్చి, కళ్ళు రేవువైపు పెట్టుకునే చెయ్యి చాపాడు.

"అయిందా అన్నా? నాలుగున్నరకి దిగాలి. పడవ పంకాకి వల చుట్టుకుంది."

తిప్పి చూపిస్తే టిక్కుటిక్కుమంటుంది. తొందరలో ఉన్నాడు, ఎటు తిరుగుతోందో చూడడు. నేనిచ్చిన సరుకు రెండేళ్ళలో ఒక్కసారీ పరీక్షించలేదు. మళ్ళీ ఊడదీస్తే రబ్బరు తెగవచ్చు. తెగితే ఈ పూట గడియారమే లేదు. పడవకు తగిలితేనే కదా జరిగేది, తగలకపోతే? ఇన్ని లెక్కలూ అతని చాచిన చెయ్యి ముందరే వేశాను. ఆ చేతికి మిగిలిన నాలుగు వేళ్ళ మీదా పడవలు గీసిన గాట్లే. తగలకపోవడం అనే మాట అక్కడే కొట్టేశాను.

"కాలేదు తమ్ముడూ. తిరగరాని వైపు తిరుగుతోంది" అన్నాను. గడియారం బల్ల మీద పెట్టేశాను. "మీ వదిన చూస్తుంది."

ఆవిడ లేచి వచ్చి నా కుర్చీ దగ్గర నిలబడింది. లేచాను. కత్తితో పొడవలేదు, సందులో పెట్టి కొంచెం మెలితిప్పుతూ చుట్టూ నడిపింది. బెజెల్ ఆవిడ అరచేతిలోకి వచ్చి పడింది. రబ్బరు తెగలేదు.

"ఏ వైపు పైకి పెట్టారు?"

"మెరిసే వైపు."

"లోపల ఎవరు చూస్తారండీ? అద్దాల బీరువాలో సరుకనుకున్నారా?" స్ప్రింగును తిరగేసింది. "గాలి తగలక మెరుస్తోంది. అది అడుగువైపు."

ఈతగాడు పగలబడి నవ్వాడు. "అన్నా, నన్నూ ఇలాగే బోర్లా దింపేవాడివి!"

ఆరు నిమిషాల్లో అయింది. ఈసారి అతను స్వయంగా తిప్పి చూశాడు. వెనక్కి ఒక పూర్తి చుట్టుకి నూట ఇరవై టిక్కులు, ముందుకి ఒక్కటీ లేదు. మణికట్టుకు బిగించుకుని పరుగెత్తాడు.

అయిదున్నర దాకా ఏ పనీ పట్టుకోలేకపోయాను. అప్పుడు తడి జుట్టుతో అటువెళుతూ రోడ్డు మీదనుంచే చెయ్యెత్తి గడియారం చూపించాడు. నాకు కాదు, కిటికీ పక్కన కూర్చున్నావిడకు.

ఆ పూట నాకు పోయినవి: ఒక గోరు, గంటన్నర, వెలుతురు పడే కుర్చీ. మిగిలింది: దిగిన మనిషి పైకొచ్చాడు.

బెల్టులు మార్చడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.